ఫౌండరే అమ్మాలా? మొదటి కస్టమర్ నుంచి మొదటి సేల్స్ మనిషి దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

మేం గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజిలకి స్టాక్, అద్దె లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. మొదటి మూడేళ్ళు అమ్మకం మొత్తం నేనే తిరిగి చేశా. ఇప్పుడు కొత్తగా కంపెనీ పెట్టినవాళ్ళు, ఎక్కువమంది కోడింగ్ వైపు నుంచి వచ్చినవాళ్ళే, ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. అదే జవాబు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో పదేపదే చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే నయం అనిపించింది. ప్రశ్నలు వాళ్ళు అడిగిన మాటల్లోనే ఉంచా, మీకు ఏది కావాలో అది చదువుకోండి. చిన్న, మధ్య తరహా వ్యాపారాలకి అమ్మేవాళ్ళకి ఇది ఎక్కువ పనికొస్తుంది.

## ఇంకా ఒక్క కస్టమర్ కూడా లేనప్పుడు

నాకు సేల్స్ రాదు, కోడింగ్ ఒక్కటే వచ్చు. సేల్స్ తెలిసినవాణ్ణి ఒకణ్ణి పెట్టుకుంటే సరిపోదా?

మొదట్లో సరిపోదండి. ఎవరు కొంటారు, ఏ మాటకి కొంటారు, ఎంతకి కొంటారు అన్నది మీకే తెలియనప్పుడు ఆ వచ్చినతనికి మీరేం చెప్పి పంపుతారు? పైగా కస్టమర్ వద్దన్నప్పుడు ఎందుకు వద్దన్నాడు అన్నదే మీకు కావాల్సిన సరుకు. జీతానికి వచ్చిన అబ్బాయి సాయంత్రం వచ్చి "రేటు ఎక్కువన్నారు సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అదే మీరు ఎదురుగా కూర్చుని ఉంటే, ఆయన రేటు మాట ఎత్తేముందు గుమాస్తా వైపు చూసి "ఇదంతా రోజూ ఎవరు ఎక్కిస్తారయ్యా" అని గొణగడం మీ చెవిన పడేది. అసలు అడ్డం అక్కడుంది. దాన్ని మీరు వింటేనే ఎంట్రీ స్క్రీన్‌లో పది గళ్ళు తీసేసి మూడు చేస్తారు. ఇంకొకటి, అడిగిన మార్పు "శుక్రవారానికి చేసిస్తానండీ" అని అక్కడికక్కడే మాటివ్వగలిగేది మీరొక్కరే. పేరు తెలియని కంపెనీ దగ్గర కొనేవాళ్ళు సగం ఆ మనిషిని చూసే కొంటారు.

మొదటి పది మంది కస్టమర్లని ఎక్కడ వెతకాలి?

ఒకే ఊళ్ళో, ఒకే వ్యాపారంలో, కుదిరితే ఒకే రోడ్డులో. మన దగ్గర వ్యాపారాలన్నీ గుంపులుగానే ఉంటాయి కదా, గుంటూరులో మిర్చి, భీమవరం వైపు రొయ్యలు, నిజామాబాద్‌లో పసుపు, సిరిసిల్లలో మరమగ్గాలు, విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ బేగంబజార్, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు. ఒక గుంపు పట్టుకుంటే ఒకచోట విన్న కష్టం పక్క షాపులో చెప్పగలుగుతారు, ఒకడు కొంటే పక్కవాడికి రెండు రోజుల్లో తెలుస్తుంది. మూడు జిల్లాల్లో మూడు రకాల వ్యాపారాలకి ఒక్కొక్కటి అమ్మితే ముగ్గురు కస్టమర్లు ఉంటారు గానీ ఒకరి మాట ఇంకొకరికి పనికిరాదు.

చాలామంది మర్చిపోయే మనిషి ఒకరున్నారు, ఆ వ్యాపారాల జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంట్. ఒక్కో అకౌంటెంట్ చేతిలో ఇరవై ముప్పై వ్యాపారాలుంటాయి, ఎవరి లెక్కలు గందరగోళంగా ఉన్నాయో, ఎవరు డబ్బులు సరిగ్గా ఇస్తారో ఆయనకి బాగా తెలుసు. మాకు మొదటి ఆరుగురిలో నలుగురు అలా ఒకే అకౌంటెంట్ గారి ద్వారా వచ్చినవాళ్ళే.

ప్రోడక్ట్ ఇంకా సగమే అయింది. ఇప్పుడే వెళ్ళి చూపిస్తే పరువు పోదా?

పోదు. పని చేయని దాన్ని పని చేస్తుందని చెప్తే పోతుంది. "ఇది ఇంతవరకే అయిందండీ, మీ దగ్గర లెక్క ఎలా నడుస్తుందో చూసి మిగతాది కడదాం అనుకుంటున్నా" అని చెప్తే ఎవరూ కసరరు, ఇంకా ఉత్సాహంగా చెప్తారు. అమెరికాలో హోటల్ భోజనం ఇంటికి తెచ్చిచ్చే డోర్‌డాష్ వాళ్ళు 2013లో మొదలుపెట్టినప్పుడు ఒక సాదా వెబ్ పేజీ, అందులో చుట్టుపక్కల హోటళ్ళ మెనూ పీడీఎఫ్‌లు, ఒక ఫోన్ నంబర్, అంతే. ఆర్డర్ వస్తే స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న ఆ ఫౌండర్లే కారేసుకుని వెళ్ళి డెలివరీ చేసేవాళ్ళు. మేం మొదట చూపించింది ఎక్సెల్ షీట్, రెండు బటన్లు. దాన్ని చూసే ఒకాయన "లాట్ నంబర్ కొడితే ఏ ఛాంబర్‌లో ఉందో చెప్తదా?" అని అడిగారు (లాట్ అంటే ఒక రైతు ఒకసారి దాచిన సరుకు, ఛాంబర్ అంటే స్టోరేజిలో ఒక చల్లటి గది). ఇప్పటికీ మా సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేయగానే కనిపించే మొదటి స్క్రీన్ అదే.

చుట్టాలకి, ఫ్రెండ్స్‌కి అమ్మితే లెక్కలోకి వస్తుందా?

పరిచయం చేయించుకోండి, అమ్మకం లెక్కలో మాత్రం వేసుకోకండి. మేనమామ కొన్నాడంటే మిమ్మల్ని చూసి కొన్నాడు, వాడకపోయినా "బాగుందిరా" అంటాడు. ఆ మాట పట్టుకుని ఆరు నెలలు తప్పుదారిలో వెళ్ళినవాళ్ళని చూశా. మామయ్య చేత ఆయన స్నేహితుడికి ఫోన్ చేయించండి, అక్కడినుంచి మీ తంటాలు మీరు పడండి.

ఫోన్ చేయాలా, వాట్సాప్ పెట్టాలా, డైరెక్ట్‌గా వెళ్ళిపోవాలా?

షాపులు, మిల్లులు, క్లినిక్‌లు అయితే వెళ్ళిపోండి. ఫోన్‌లో "బిజీగా ఉన్నా" అని పెట్టేయడం సులువు, ఎదురుగా నిలబడ్డ మనిషికి కుర్చీ వేయకుండా ఉండటం మన దగ్గర కష్టం. కాకపోతే వేళ చూసుకోవాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి దిగుమతులు, అంటే పంట తెచ్చి స్టోరేజిలో దింపే కాలం, లారీలు వరసగా నిలబడి ఉంటాయి, అప్పుడు కోల్డ్ స్టోరేజికి వెళ్ళి ల్యాప్‌టాప్ తీస్తే తిట్టి పంపిస్తారు, తిట్టడం న్యాయమే. మిర్చి మార్కెట్ యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చినప్పుడు అదే ఓనరు గంటసేపు మాట్లాడతారు. మీ వ్యాపారానికీ అలాంటి ఖాళీ నెల ఒకటి ఉంటుంది, కనుక్కోండి.

హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలైతే గేటు దాటనివ్వరు కాబట్టి లింక్డ్‌ఇన్, మెయిల్, తెలిసినవాళ్ళ ద్వారా పరిచయం, ఇవే దారి. బల్క్ మెసేజ్‌ల జోలికి మాత్రం పోకండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 రూల్స్ ప్రకారం మామూలు పది అంకెల నంబర్ నుంచి గుంపుగా ప్రమోషన్ కాల్స్, ఎస్ఎంఎస్‌లు చేస్తే కంప్లైంట్లు వచ్చి కనెక్షన్ కట్ అయ్యే ప్రమాదముంది, వాట్సాప్ కూడా నంబర్ బ్లాక్ చేస్తుంది. అదే నంబర్ మీ కస్టమర్లందరి దగ్గరా ఉందనుకోండి, ఆ రోజు మీ పరిస్థితి ఏంటో ఆలోచించండి.

## కూర్చుని మాట్లాడేటప్పుడు

మొదటి మీటింగ్‌లో ఏం మాట్లాడాలి? డెమో ఎప్పుడు చూపించాలి?

ల్యాప్‌టాప్ బ్యాగులోనే ఉంచండి. ముందు వాళ్ళ పని చూడండి, చూపించమని అడగండి.

నాకు బాగా గుర్తున్నది చెప్తా. ఒక కోల్డ్ స్టోరేజిలో మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు గంటలు బయట బల్ల మీద కూర్చున్నా. ఒక రైతు వచ్చి నలభై టిక్కీలు (మిర్చి బస్తాలు) తీసుకెళ్ళాలని బాండు, అంటే సరుకు దాచినప్పుడు స్టోరేజి ఇచ్చిన రసీదు, ఇచ్చాడు. గుమాస్తా లావుపాటి రిజిస్టర్ తీసి, వేలు తడిచేసుకుంటూ పేజీలు తిప్పి, లాట్ నంబర్ పట్టుకుని, ఛాంబర్ నంబర్ చీటీ మీద రాసి హమాలీలకి ఇచ్చాడు. వాళ్ళు లోపలికెళ్ళి పావుగంట తర్వాత బయటికొచ్చి "అక్కడ లేవు, మూడో ఫ్లోర్‌కి మార్చారేమో" అన్నారు. మళ్ళీ వెతుకులాట. రైతు ఆటో వెయిటింగ్ డబ్బులు అడుగుతున్నాడు. మొత్తం 50 నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఓనర్ గారు లోపలికి పిలిస్తే నేను సాఫ్ట్‌వేర్ మాటే ఎత్తలేదు, "ఇందాక ఆ రైతుకి ఇంతసేపు పట్టింది కదండీ, రోజుకి ఇలా ఎన్ని అవుతాయి?" అని ఒక్కటే అడిగా. ఆయన అరగంట చెప్పారు. టిక్కీలు మార్చినప్పుడు రిజిస్టర్‌లో రాయరని, పోయినేడు ఒక లాట్ వేరేవాళ్ళకి వెళ్ళిపోతే తానే డబ్బు కట్టుకోవాల్సి వచ్చిందని. ఆ చివరి మాట విన్నాకే ల్యాప్‌టాప్ తీసి, టిక్కీలు మార్చినప్పుడు ఫోన్‌లో ఎలా కొట్టాలో ఆ ఒక్క ముక్క చూపించా, మిగతా ఇరవై ఫీచర్లు చూపించలేదు.

మీటింగ్‌లో మూడొంతులు ఆయన మాట్లాడాలి. మీరే ఎక్కువ మాట్లాడి వచ్చారంటే ఏమీ తెలుసుకోకుండా వచ్చారన్నట్టే.

"చూద్దాం లెండి" అంటే అవునా, కాదా?

దాదాపు ఎప్పుడూ కాదు అనే. మనవాళ్ళు ఎదుటి మనిషి మొహం మీద వద్దు అనరు, మనసు నొప్పించడం ఇష్టముండదు. "పండగెళ్ళాక చూద్దాం", "మావాడు అమెరికా నుంచి రానీ", "కార్డు ఇచ్చి వెళ్ళండి, ఫోన్ చేస్తాం", అన్నీ ఒకే కుటుంబం. మీరేమో ఇంటికొచ్చి పార్ట్‌నర్‌తో "ఎనిమిది మంది ఇంట్రెస్ట్‌గా ఉన్నారు" అని చెప్తారు, మూడు నెలలకి ఎనిమిది మందీ ఫోన్ ఎత్తరు.

తేల్చుకోవడానికి నాకు పని చేసింది, లేచేముందు చిన్న పని ఒకటి అడగడం. డబ్బే అవ్వాలని లేదు. "మీ పోయిన సీజన్ రిజిస్టర్ ఒక పది పేజీలు ఫొటో తీసుకోనా, మీ లెక్కే ఎక్కించి గురువారం చూపిస్తా" అంటా. సరే అన్నాడంటే నిజంగా ఆసక్తి ఉంది. అబ్బే ఇప్పుడెందుకులే అన్నాడంటే జవాబు వచ్చేసినట్టే, బాధపడకుండా నేనే అడిగేస్తా: "పర్లేదండీ, కొనకపోయినా పర్లేదు, ఎక్కడ నచ్చలేదో ఒక్కమాట చెప్పండి, నాకు ఉపయోగపడుతుంది." కొనే బరువు నెత్తిమీద నుంచి దిగాక మనుషులు ఎంత నిజం చెప్తారో మీరే చూస్తారు.

ఓనర్ ఓకే అన్నాడు, కానీ గుమాస్తా అడ్డుపడుతున్నాడు. ఏం చేయాలి?

ఆయన భయం అర్థం చేసుకోండి ముందు. పాతికేళ్ళుగా ఆ రిజిస్టర్ ఆయన ఒక్కడికే అర్థమవుతుంది, ఆ షాపులో ఆయన విలువ అదే. మీరొచ్చి కంప్యూటర్ పెడతానంటే ఉద్యోగం పోతుందేమో, లేదా పాత తప్పులు బయటపడతాయేమో అనిపించడం సహజం. ఓనర్ చేత గట్టిగా చెప్పిస్తే ఎక్కిస్తాడు గానీ నెలలో "ఇది పని చేయట్లేదండీ" అని నిరూపిస్తాడు, ఒకచోట మాకు సరిగ్గా అలాగే అయింది, తప్పు మాదే.

అప్పట్నుంచి గుమాస్తా గారితోనే ముందు కూర్చుంటున్నా. టీ తాగుతూ "బాబాయ్, మీకు రోజులో బాగా విసుగొచ్చే పనేంటి" అంటే, ఒకాయన సీజన్ చివర అద్దె లెక్కలు వేయడానికి రాత్రి పదకొండు దాకా కూర్చుంటానన్నాడు. ఆయన చేత్తోనే ఆ లెక్క రెండు నిమిషాల్లో తీయించా, ఓనర్ ఎదురుగా, ఆయనే చేసి చూపించినట్టు. ఈరోజు ఆయన పక్క స్టోరేజి గుమాస్తాలకి మా తరఫున చెప్తాడు.

"టాలీ ఉంది కదా, మీదెందుకు?" అంటున్నారు.

టాలీని తక్కువ చేసి మాట్లాడకండి, వాళ్ళ అకౌంట్లన్నీ దాంట్లోనే ఉన్నాయి, ఆయన అకౌంటెంట్‌కీ అదే వచ్చు. "టాలీ అలాగే ఉంచండి, డబ్బు లెక్క దాంట్లో, సరుకు ఎక్కడుందన్నది మా దాంట్లో, బిల్లులు అందులోకి ఎక్స్‌పోర్ట్ అవుతాయి" అని చెప్పండి, అది నిజంగా చేసి ఉంచండి. నిజానికి మీకు అసలు పోటీ రిజిస్టర్, కాలిక్యులేటర్, గుమాస్తా జ్ఞాపకశక్తి. వాటికి నెల నెలా డబ్బు కట్టక్కర్లేదు, అది గుర్తుపెట్టుకుని మాట్లాడండి.

ఒప్పుకుంటున్నారు, లింక్ పంపుతున్నా, కానీ ఎవరూ ఇన్‌స్టాల్ చేసుకోవట్లేదు.

లింక్ పంపకండి, అక్కడే పెట్టేసి రండి. పేమెంట్ల కంపెనీ స్ట్రైప్ పెట్టిన కొలిసన్ అన్నదమ్ములు మొదట్లో ఎవరైనా వాడి చూస్తాం అనగానే "మీ ల్యాప్‌టాప్ ఇలా ఇవ్వండి" అని అక్కడికక్కడే సెట్ చేసేసేవాళ్ళు. మన దగ్గర ఇది ఇంకా అవసరం. పాస్‌వర్డ్ పెట్టడం, ఓటీపీ రావడం, ప్రింటర్ కనెక్ట్ అవ్వకపోవడం, వీటిల్లో ఏ ఒక్కదాని దగ్గర ఆగినా మళ్ళీ రిజిస్టరే తీస్తారు. మొదటి బిల్లు ప్రింట్ అయ్యి బయటికొచ్చేదాకా నేను ఆ గది వదిలి రాను.

పది మందికి పైగా చూపించా, ఒక్కరూ కొనట్లేదు. ప్రోడక్ట్ తప్పా, నేను అమ్మే తీరు తప్పా?

వాళ్ళు చెప్పిన కారణాలు పక్కపక్కన పెట్టి చూడండి. పది మందీ పది రకాలు చెప్తే మీరు సరైన మనుషుల దగ్గరికి వెళ్ళట్లేదు. అందరూ ఒకటే చెప్తుంటే మారాల్సింది ప్రోడక్ట్.

ఆన్‌లైన్‌లో బస్ టికెట్లు అమ్మే రెడ్‌బస్ సంగతి తెలుసుకోవాల్సింది ఇక్కడే. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి వెళ్ళడానికి బస్ టికెట్ దొరక్క ఫణీంద్ర సామా ఆ సమస్య మీద పడ్డాడు. స్నేహితులతో కలిసి ముందు బస్ ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ రాసి తీసుకెళ్తే ఆపరేటర్లు ఆసక్తి చూపించలేదు. వాళ్ళకి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, సీట్లు నిండితే చాలు. అప్పుడు వీళ్ళు తిరగేశారు, మాకు కొన్ని సీట్లివ్వండి మేమే అమ్మిపెడతాం అని అడిగారు, 2006లో అలా మొదలైంది, 2013లో ఐబిబో అనే కంపెనీ కొనేసింది. ఆపరేటర్ ఆఫీసుల్లో వాళ్ళే కూర్చోకపోయి ఉంటే ఆ సంగతి వాళ్ళకి ఎవరు చెప్తారు?

## రేటు, డబ్బులు

రేటు ఎంత చెప్పాలో అర్థం కావట్లేదు.

మీకు ఎంత ఖర్చయిందో దాన్ని బట్టి చెప్పకండి. ఆయనకి ఇప్పుడు ఎంత పోతుందో ఆయన నోటితోనే లెక్క వేయించండి. సీజన్‌లో ఒక్క లాట్ తారుమారైతే ఎంత, అదనంగా పెట్టుకున్న మనిషికి నెలకెంత, అలా. దాంట్లో చిన్న భాగం మీ రేటు. తర్వాత కొలత, అంటే దేన్ని బట్టి వసూలు చేయాలన్నది, వాళ్ళ వ్యాపారంలో ఉన్నదే పట్టుకోండి. మేం మొదట ఒక్కో యూజర్‌కి ఇంత అని పెడితే ఎవరికీ ఎక్కలేదు, వాళ్ళు అద్దె టిక్కీకి ఇంత అని సీజన్‌కి తీసుకుంటారు కదా, మేమూ టిక్కీకి ఇన్ని పైసలు, సీజన్‌కి ఒకసారి అని మార్చాం. ఆ రోజు నుంచి రేటు దగ్గర గొడవ చాలా తగ్గింది.

ముగ్గురికి ఒక రేటు చెప్పాక, తర్వాతి ముగ్గురికి కొంచెం పెంచి చెప్పి చూడండి. ఎవరూ ఎక్కువ అనట్లేదంటే మీరు తక్కువ చెప్తున్నారు.

మొదటి కొంతమందికి ఫ్రీగా ఇచ్చేస్తే పేరొస్తుంది కదా?

రాదు, ఫ్రీగా వచ్చింది టేబుల్ మీద మూలన పడి ఉంటుంది. తక్కువకైనా ఇవ్వండి గానీ ఊరికే ఇవ్వకండి. నెల రోజులు ట్రయల్ ఇవ్వాలంటే ఇవ్వండి, ముందే తేదీ, మొత్తం కాగితం మీద రాసి. వెయ్యి రూపాయలు కట్టినవాడు పని చేయకపోతే ఫోన్ చేసి అరుస్తాడు, ఆ అరుపు మీకు కావాలి.

ప్రతి ఒక్కరూ డిస్కౌంట్ అడుగుతున్నారు. ఇవ్వాలా?

బేరం ఆడకుండా కొంటే మోసపోయామేమో అనిపిస్తుంది మనవాళ్ళకి, తప్పు పట్టక్కర్లేదు. ఊరికే తగ్గించకండి, బదులు ఏదో ఒకటి తీసుకోండి. ఏడాది డబ్బు ముందే కడితే ఇంత తగ్గిస్తాం, లేదా మీకు తెలిసిన ఇద్దరికి ఫోన్ చేసి మా గురించి చెప్తే ఇంత తగ్గిస్తాం అనండి. ఒక ఊళ్ళో ఒకరికి ఇచ్చిన రేటు సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది, అందుకే చెప్పుకోవడానికి కారణం ఉన్న డిస్కౌంటే ఇవ్వండి.

డబ్బులు అడగాలంటే నాకు చాలా మొహమాటం. పెండింగ్ ఎక్కువైపోతోంది.

ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళలో ముప్పావు మంది మంచి ఇంజనీర్లు, మంచి మనుషులు. ఇంట్లో మనకి డబ్బు మాట ఎత్తడం మర్యాద కాదని నేర్పారు కదా, అది అమ్మేచోట ప్రాణం తీస్తుంది. అవతలాయన రోజంతా వసూళ్ళ మీదే బతికే వ్యాపారి, మీరు అడిగితే ఏమీ అనుకోడు, అడగకపోతేనే ఈ కుర్రాడు ఎన్నాళ్ళు ఉంటాడో అనుకుంటాడు. ఇన్‌స్టాల్ చేసే రోజునే సగం తీసుకోండి. యూపీఐ క్యూఆర్ ఫోన్‌లో పెట్టుకుని, "మొదలుపెట్టే ముందు సగం తీసుకుంటామండీ అందరి దగ్గరా" అని చెప్పి ఆగిపోండి. చెప్పాక వచ్చే ఆ నిశ్శబ్దంలో మీరు నోరు తెరిచి "పర్లేదు లెండి తర్వాతైనా" అనకూడదు, అదొక్కటి ప్రాక్టీస్ చేయండి.

పెద్ద కంపెనీలు లేట్ చేస్తే చట్టం కొంత మీవైపు ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉచితం, అమ్మకాలు మొదలవ్వకముందే చేయించుకోండి. మైక్రో, స్మాల్ సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొన్నవాళ్ళు డబ్బు చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెప్తోంది, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ. గడువు దాటిన మీ బిల్లుని కట్టేదాకా ఆ కంపెనీలు ఆదాయపన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేవు కాబట్టి, ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబర్ వేస్తే వాళ్ళ అకౌంట్స్ వాళ్ళే మార్చి నెలలో ఫోన్ చేస్తారు.

జీఎస్టీ, టీడీఎస్ సంగతి ఏంటి?

సాఫ్ట్‌వేర్ సేవలకి జీఎస్టీ 18 శాతం. సర్వీసులకి ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రేటు చెప్పేటప్పుడే "ప్లస్ జీఎస్టీ" అని స్పష్టంగా అనండి, తర్వాత చెప్తే గొడవ. స్కూళ్ళు, హాస్పిటళ్ళు, కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారాల సులువు జీఎస్టీ పద్ధతి) ఉన్న షాపులు ఇన్‌పుట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ, వెనక్కి తీసుకోలేరు కాబట్టి వాళ్ళకి ఆ 18 శాతం నిజమైన ఖర్చు, రేటు పెట్టేటప్పుడు అది చూసుకోండి. కంపెనీలు టీడీఎస్, అంటే మీకిచ్చే డబ్బులోంచి ముందే పన్ను, పట్టుకుని ఇస్తే అది ఆదాయపన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద పడిందో లేదో మూడు నెలలకోసారి చూడండి.

## నలుగురైదుగురు కస్టమర్లు వచ్చాక

రోజంతా తిరిగితే కోడ్ ఎప్పుడు రాయాలి?

ఇద్దరు ఫౌండర్లుంటే ఒకరు తిరగండి, ఒకరు రాయండి, కానీ రాసేవాళ్ళు కూడా నెలకి నాలుగు మీటింగ్‌లకి వచ్చి మాట్లాడకుండా కూర్చోవాలి. ఒక్కరే అయితే వారాన్ని కోసుకోండి, నేను మంగళ, బుధ, గురువారాలు బైక్ మీద బయట, మిగతా రోజులు లోపల. పొద్దున కోడ్, మధ్యాహ్నం మీటింగ్ అని పెట్టుకుంటే రెండూ చెడతాయి.

సీఆర్‌ఎం (కస్టమర్ల వివరాలు, మాటలు రాసి ఉంచే సాఫ్ట్‌వేర్) కొనాలా?

అక్కర్లేదు. యాభై మంది దాకా గూగుల్ షీట్ చాలు. పేరు, చివరిసారి ఎప్పుడు మాట్లాడాం, ఆయన అన్న మాట ఆయన మాటల్లోనే, తర్వాత ఏం చేయాలి, ఏ తేదీకి. ఆ మూడో గడి అన్నిటికన్నా ముఖ్యం. బండి స్టార్ట్ చేసేముందే ఫోన్‌లో రాసేయండి, ఇంటికెళ్ళాక రాస్తే అది మీ మాట అయిపోతుంది.

ప్రతి కస్టమర్ ఒక కొత్త ఫీచర్ అడుగుతున్నాడు, అన్నీ చేయాలా?

"అది లేక ఇప్పుడెలా చేస్తున్నారు?" అని అడగండి. దానికోసం ఒక మనిషినో, ఒక నోటు పుస్తకాన్నో, అదనపు గంటనో పెట్టి ఉంటే నిజమైన అవసరం. "అంటే, ఉంటే బాగుంటుంది కదా అని" అన్నారంటే రాసుకుని పక్కన పెట్టండి, ముగ్గురు వేరువేరుగా అడిగేదాకా ముట్టుకోకండి. ఒకరికోసమే అయితే విడిగా డబ్బు చెప్పండి, చాలా కోరికలు అక్కడే ఆగిపోతాయి.

రోజూ వద్దు అనిపించుకోవడం తట్టుకోలేకపోతున్నా.

ఇది అడగడానికే చాలామంది సిగ్గుపడతారు, మీరు అడిగినందుకు సంతోషం. వరసగా తొమ్మిది చోట్ల వద్దన్న వారం ఒకటి నాకుంది, తొమ్మిదో చోట కుర్చీ కూడా వేయలేదు, చుట్టుగుంట సెంటర్‌లో టీ బండి దగ్గర చాలాసేపు ఊరికే నిలబడ్డా. అప్పుడు సాయం చేసింది ఏంటంటే, తిట్టకుండా వాడుతున్న ఒక పాత కస్టమర్ దగ్గరికి వెళ్ళి అరగంట కూర్చోవడం. ఆయన స్క్రీన్ మీద మన సాఫ్ట్‌వేర్ నడుస్తుంటే చూస్తే చాలు. వారానికి ఒక మీటింగ్ అలాంటిది పెట్టుకోండి, అక్కడ ఏమీ అమ్మకండి. ఇంట్లో వాళ్ళకి కూడా ఈ రెండు మూడేళ్ళు ఇలా ఉంటుందని ముందే చెప్పండి, ఒంటరిగా మోయకండి.

## వేరేవాళ్ళకి అప్పగించేటప్పుడు

మొదటి సేల్స్ మనిషిని ఎప్పుడు పెట్టుకోవాలి?

నేను చూసుకునే గుర్తు ఒకటే. ఎవరి దగ్గరికి వెళ్ళాలి, మొదట ఏం అడగాలి, ఏ మూడు అభ్యంతరాలు వస్తాయి, వాటికి ఏం చెప్తే ఒప్పుకుంటున్నారు, ఎన్ని రోజుల్లో డబ్బు వస్తుంది, ఇదంతా రెండు పేజీల్లో తెలుగులో రాయగలిగితే పెట్టుకోవచ్చు. మిమ్మల్ని అసలు తెలియనివాళ్ళు కనీసం పది పదిహేను మంది డబ్బు కట్టి, రెండోసారి కూడా కట్టి ఉండాలి. ఆ రెండు పేజీలు రాయలేకపోతున్నారంటే ఇంకా మీరే తిరగాలి.

ఎలాంటి మనిషిని తీసుకోవాలి? జీతమా, కమీషనా?

పెద్ద కంపెనీలో పెద్ద టీమ్ నడిపినవాళ్ళని ఇప్పుడే వద్దు, వాళ్ళకి బ్రాండు, బ్రోచర్లు, కింద మనుషులు ఉండి అలవాటు. ఆ వ్యాపారం తెలిసి, ఎండలో తిరగడానికి వెనకాడని మనిషిని చూడండి. మాకు బాగా కుదిరినాయన పురుగుమందుల డీలర్లకి సరుకు అమ్మినాయన, కంప్యూటర్ రాదు గానీ ప్రతి ఊళ్ళో ఎవరితో మాట్లాడాలో తెలుసు. ఇల్లు గడిచేంత జీతం తప్పకుండా ఇవ్వండి, దానిపైన కమీషన్, అదీ డబ్బు చేతికొచ్చాకే. ఉత్త కమీషన్ మీద పెడితే పాపం ఆ మనిషి ఏదో ఒకటి మాటిచ్చి అమ్మేస్తాడు, ఆ మాటలు తర్వాత మీరు మోయాలి. కుదిరితే ఇద్దర్ని ఒకేసారి పెట్టండి, ఒకరే ఉండి అమ్మలేకపోతే తప్పు మనిషిదా పద్ధతిదా తేలదు. మొదటి నెల మీ బండి వెనక కూర్చోబెట్టుకుని తిప్పండి, రెండో నెల ఆయన మాట్లాడాలి, మీరు వినాలి.

అమెరికాలో మా అన్నయ్య ఉన్నాడు, అక్కడ ఆయన అమ్మిపెడతానంటున్నాడు. ఇవ్వనా?

ఉద్యోగం చేస్తూ శని ఆదివారాల్లో అమ్ముతానంటే పరిచయాల వరకే తీసుకోండి. వీడియో కాల్‌లో మాట్లాడేది మీరే అవ్వాలి, రాత్రి మేలుకోవాల్సి వచ్చినా సరే. అక్కడి మోటెల్, గ్యాస్ స్టేషన్, గ్రోసరీ స్టోర్ నడిపే మనవాళ్ళకి అమ్మాలనుకుంటే అదొక మంచి గుంపే, కానీ వాళ్ళ పన్నులు, వాళ్ళ పేమెంట్ మెషీన్లు అన్నీ వేరు. ఇక్కడ ఇరవై మందితో నేర్చుకున్నది అక్కడ పనికొస్తుందని అనుకోకండి, మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

సేల్స్ టీమ్ కుదురుకున్నాక నేను పూర్తిగా తప్పుకోవచ్చా?

రోజువారీ నుంచి తప్పుకోవచ్చు. కొత్త ఊరు, కొత్త ప్రోడక్ట్, కొత్త రేటు వచ్చినప్పుడు మాత్రం మొదటి పది మీటింగ్‌లు మీవే. నేను ఇప్పటికీ ప్రతి జనవరిలో, దిగుమతులు ఊపందుకోకముందు, ఒక వారం మా కస్టమర్లు కాని కోల్డ్ స్టోరేజిలకి ఒక్కణ్ణే వెళ్తా. పోయిన జనవరిలో సత్తెనపల్లి రోడ్డులో ఒకచోట కూర్చుని ఉంటే అరగంటలో నలుగురు రైతులు బాండు కాపీ వాట్సాప్‌లో పెట్టమని ఫోన్ చేశారు, బ్యాంకులో లోన్ కోసమట. మా సేల్స్ వాళ్ళు ఆ ఏడాది డెబ్భై మీటింగ్‌లు చేశారు, ఒక్కరూ ఆ సంగతి చెప్పలేదు, ఎందుకంటే నేను వాళ్ళని ఎన్ని అమ్మారనే అడిగా గానీ ఏం విన్నారని అడగలేదు. ఇప్పుడు సోమవారం పొద్దున మీటింగ్‌లో మొదటి ప్రశ్న అదే, ఒక్కొక్కరూ ఆ వారం విన్న ఒక మాట, కస్టమర్ అన్నది అన్నట్టుగా చెప్పాలి.